శ్రుతిపెట్టె పిల్లవాడు

మా బడి టైంటేబుల్లో సంగీతానికి ఒకే ఒక్క పీరియడు ఉండేది, అదీ శుక్రవారం ఆఖరిది. నలభై నిమిషాల ఆ పీరియడును వారం చివర పెట్టడంలో ఒక సౌకర్యం ఉందని ఏడో తరగతికి వచ్చేసరికి మాకు తెలిసిపోయింది. సిలబస్ వెనకబడిన మాస్టార్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు అప్పుగా తీసుకోవడానికి అది అందుబాటులో ఉండేది. సాంఘికశాస్త్రం వారు ఒక వారం, లెక్కల వారు రెండు వారాలు తీసుకునేవారు, పరీక్షలు దగ్గర పడితే అందరూ కలిసి నెలంతా పంచుకునేవారు. అలా తీసుకున్న పీరియడును తిరిగి తీర్చిన మాస్టారు ఒక్కరు కూడా నాకు గుర్తులేరు. అయినా ఇన్నేళ్ళ తరువాత తలచుకుంటే, మిగతా పీరియళ్ళలో చదివినదాంట్లో సగం ఎటు పోయిందో తెలియదు గాని, అప్పులు పోగా మిగిలిన ఆ కొద్ది శుక్రవారాలు మాత్రం వాటి చప్పుళ్ళతో సహా నాతో ఉండిపోయాయి.

ఆరో తరగతిలో నాకు సంగీతం లేదు. అంటే పీరియడు ఉంది, నేనూ వరసలో నిలబడేవాణ్ణి, కాని వార్షికోత్సవానికి పాట నేర్పుతున్న ఉపాధ్యాయులొకరు మొదటి వారంలోనే నా దగ్గర ఆగి, చెవి రిక్కించి విని, "నువ్వు పెదవులు కదిపితే చాలు, గొంతు ఎత్తకు" అన్నారు. అందులో కోపమేమీ లేదు. వారికి పదిహేను రోజుల్లో పాట సిద్ధం కావాలి, నా గొంతు అడ్డం వస్తోంది. ఆజ్ఞను నేను ఎంత శ్రద్ధగా పాటించానంటే, వార్షికోత్సవం అయిపోయాక కూడా ఏడాది పొడవునా పెదవులే కదిపాను. ఇంట్లో స్నానం చేస్తున్నప్పుడు కూడా పాడలేదు. నాకు సంగీతం రాదన్న సంగతి, నా ఎత్తు ఇంత, నా రంగు ఇది అన్నట్టుగా, నా గురించి ఒక నిజమై కూర్చుంది.

తరువాతి ఏడాది కొత్త సంగీతం టీచరు వచ్చారు. ఆమె వస్తూనే వార్షికోత్సవం ఊసెత్తలేదు. పిల్లలందరినీ కింద కూర్చోబెట్టి, ఒక్క షడ్జం, అంటే మొదటి స్వరం 'స', మాత్రం పట్టించి, ఒక్కొక్కరి దగ్గరికీ వంగి వింటూ వరసలన్నీ తిరిగారు. నా ముందు కాసేపు ఆగారు. కదులుతున్న పెదవుల మధ్య నుంచి ఏ శబ్దమూ రావడం లేదని కనిపెట్టడానికి ఆమెకు అట్టే సేపు పట్టలేదు. ఏమీ అనకుండా ముందుకు వెళ్ళిపోయారు. గంట కొట్టాక మాత్రం నన్ను పిలిచి, బల్ల మీదున్న శ్రుతిపెట్టెను నా వైపు జరిపి, "వచ్చే వారం నుంచి ఇది నువ్వు వెయ్యాలి. పాడితే పాడు, లేకపోతే లేదు. గాలి మాత్రం ఆపకు" అన్నారు.

ఈ రోజుల్లో చాలామంది పిల్లలు చేతితో వేసే శ్రుతిపెట్టెను చూసి ఉండరు. హార్మోనియానికి మెట్లు తీసేస్తే ఎలా ఉంటుందో దాదాపు అలా ఉంటుంది. చెక్కపెట్టెకు ఒక తిత్తి, లోపల గాలి తగిలితే మోగే ఇత్తడి నాలుకలు, ఏ నాలుక పలకాలో ఆ రంధ్రం మూత తీయడానికి చిన్న బిళ్ళలు ఉంటాయి. మా టీచరు షడ్జం, పంచమం (ప), పై షడ్జం తెరిచి ఉంచేవారు, పాడేవాళ్ళు ఆ మోతలో గొంతు కలపాలి. అందులో పాటంటూ ఏమీ లేదు, గంటసేపు వేసినా అదే మోత. అది నాకు శిక్షలా తోచింది. పాడలేనివాడికి పాడేవాళ్ళ ముందు గాలి కొట్టే పని ఇచ్చారని మొదటి రెండు వారాలు ముఖం ముడుచుకుని కూర్చున్నాను.

మూడో వారమనుకుంటాను, చేతి పని చెవికి ఎక్కడం మొదలైంది. తిత్తిని గట్టిగా నొక్కితే మోత ఉబుకుతుంది, బద్ధకిస్తే నీరసిస్తుంది, ఒక నొక్కుకూ మరో నొక్కుకూ మధ్య జాగు చేస్తే గాలి తెగి పాడేవాళ్ళందరూ ఒక్కసారిగా తడబడతారు. వాళ్ళలో ఎవరికీ తాము ఎందుకు తడబడ్డారో తెలియదు, నాకు మాత్రమే తెలుసు. నలభై మంది గొంతులు నా కుడిచేతి మీద ఆనుకుని ఉన్నాయన్న ఎరుక పన్నెండేళ్ళవాడికి చిన్న విషయం కాదు. అందుచేత నేను వినడం మొదలుపెట్టాను. విధిలేక విన్నానని చెప్పడమే న్యాయం.

మొదట వినిపించింది అపస్వరమే. టీచరు ఒక్కొక్కరి చేత షడ్జం పట్టించినప్పుడు, కొందరి గొంతు పెట్టెలోని మోతలో కలిసిపోయి ఏది గొంతో ఏది నాలుకో తెలియకుండా పోయేది. కొందరిది చేరువకు వచ్చి ఆగిపోయేది, అప్పుడు రెంటి మధ్యా ఒక అదురు, గాలిలో ఏదో కొట్టుకుంటున్నట్టు, వినవచ్చేది. పాడుతున్న పిల్ల గొంతును కాస్త పైకి జరిపితే ఆ అదురు నెమ్మదించి, ఇంకొంచెం జరిపితే మాయమయ్యేది. ఆ మాయమయ్యే క్షణం కోసం నేను కాచుకుని ఉండేవాణ్ణి. దాన్ని విస్పందనాలంటారని, రెండు ధ్వనుల పౌనఃపున్యాలలో, అంటే సెకనుకు కంపనాల లెక్కలో, ఎంత తేడా ఉంటే సెకనుకు అన్నిసార్లు ఆ అదురు వినిపిస్తుందని, అంటే ఒకటి 240, రెండోది 243 అయితే సెకనుకు మూడని, ఇంటర్మీడియెట్ భౌతికశాస్త్రంలో చదివినప్పుడు నాకు పాత స్నేహితుడు ఎదురైనట్టనిపించింది. పక్కనున్న కుర్రాళ్ళు ఆ సూత్రాన్ని కంఠస్థం చేశారు. నాకు కంఠస్థం చేయవలసిన అవసరం కలగలేదు.

టీచరు సరళీ స్వరాలతో, అంటే తొలి సాధన వరసలతో, మొదలుపెట్టారు, అందరూ అలాగే మొదలుపెడతారు. ఆ వరసలను కూర్చి, వాటికి మాయామాళవగౌళ రాగాన్ని ఎంచినది పురందరదాసులవారని సంప్రదాయం చెబుతుంది, ఆయన పదహారో శతాబ్దపు వాగ్గేయకారుడు. మేళకర్తలలో, అంటే మూల రాగాలలో, పదిహేనవదైన ఆ రాగాన్నే మొదటి పాఠంగా ఎందుకు పెట్టారో మా టీచరు పుస్తకం తెరవకుండా, హార్మోనియం మీద వేలితో చూపించారు. స పక్కనే రి, రి నుంచి గకు వెళ్ళాలంటే మధ్యలో రెండు మెట్లు వదిలి దూకాలి, గ పక్కనే మ. ఇప్పుడు ప దగ్గర మళ్ళీ మొదలుపెట్టండి, ప పక్కనే ద, రెండు మెట్లు వదిలి ని, దాని పక్కనే పై స. "కింద ఎక్కిన మెట్లే పైనా ఎక్కుతున్నారు. సగం నేర్చుకుంటే మొత్తం వచ్చినట్టే" అన్నారు. ఆ మాట విని, బడిలో చదివే విషయాలన్నీ ఇలా ఎవరో ఆలోచించి ముందువెనకలు పేర్చినవేనా అన్న అనుమానం నాకు తొలిసారి కలిగింది. అన్నీ కావని తరువాత తెలిసింది లెండి.

తాళం సంగతి చెప్పకపోతే ఆ పీరియడు గురించి చెప్పినట్టు కాదు. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు: ఒక లఘువులో చరుపు ఒకటి, వేళ్ళ లెక్క మూడు, ఆపైన రెండు ద్రుతాలు, ఒక్కొక్కటి చరుపూ విసురూ. మొదటి కాలంలో, అంటే మొదటి వేగంలో, దెబ్బకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. చెప్పడానికి ఇంతే. చేయబోతే, రెండో కాలం అనగానే మేమందరం చేతి వేగం పెంచేవాళ్ళం, ఎనిమిది దెబ్బలూ పరుగులు తీసేవి, స్వరం మొదటి కాలంలోనే ఉండిపోయేది. టీచరు నవ్వి, "చెయ్యి ముందు ఎలా కదిలిందో అలాగే కదలాలి, నోరు మాత్రమే రెట్టింపు" అనేవారు. ఆ ముక్క మాకు ఎక్కడానికి నెల పట్టింది. ఎక్కిన రోజు ఎవరూ చెప్పకుండానే గది అంతటికీ తెలిసింది. ఎనభై చేతులు నిదానంగా, నిబ్బరంగా ఒకే దెబ్బ వేస్తుంటే, వాటి మీద స్వరాలు రెట్టింపు జోరుతో వెళుతున్నాయి. శుక్రవారం సాయంత్రం ఇంటిగంట కొట్టినా ఆ రోజు ఎవరూ లేవలేదు. అతిశయోక్తిగా అనిపిస్తే నాదే తప్పు, కాని నాకు గుర్తున్నది అలాగే.

ఎనిమిదో తరగతి చివరలో, తొమ్మిదిలో మగపిల్లల గొంతులు పగలడం మొదలైంది. అప్పటిదాకా తరగతిలో బాగా పాడుతూ వచ్చిన వాడొకడు, పై షడ్జం తీసుకోబోయి కీచుమని, అందరూ నవ్వేసరికి ముఖం కందగడ్డ చేసుకుని, ఆ రోజుతో నోరు మూశాడు. ఆ వయసులో స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు పొడవూ మందమూ అయి, గొంతు దాదాపు ఒక స్థాయి, అంటే పై స నుంచి కింది స దాకా ఉన్నంత దూరం, కిందికి దిగుతుందన్న సంగతి వాడికి ఎవరైనా ముందుగా చెప్పి ఉంటే బాగుండేది. మా టీచరు చెప్పారు గాని, అప్పటికే కీచుమనడం జరిగిపోయింది. బడిలో సంగీతం చెప్పేవాళ్ళు ఈ ఒక్క దశను ఎలా దాటిస్తారన్న దానిమీద ఎందరు మగపిల్లలు జీవితాంతం పాడతారో, ఎందరు మానేస్తారో ఆధారపడి ఉంటుందని నా గట్టి అభిప్రాయం.

నాకు మాత్రం ఆ కాలం కలిసివచ్చింది. పోగొట్టుకోవడానికి గొంతంటూ లేనివాణ్ణి కాబట్టి, కొత్త గొంతు వచ్చినప్పుడు పాతదానితో పోల్చుకునే బెంగ లేదు. ఒకనాడు అందరూ వెళ్ళిపోయాక, పెట్టె సర్దుతూ, టీచరు కింది షడ్జం నాలుక ఒక్కటే తెరిచి, "ఇందులో నిలబడి చూడు" అన్నారు. రెండేళ్ళుగా ఎవరి గొంతు కలిసిందో, ఎవరిది కలవలేదో వింటూ వచ్చిన చెవి నాది. నా గొంతులోని అదురును అదే పట్టుకుంది. కొంచెం పైకి, కాదు, కొంచెం కిందికి, ఇంకొంచెం. మాయమైంది. టీచరు మెచ్చుకోలుగా ఏమీ అనలేదు. "ఊపిరి అయిపోయేదాకా ఉండు" అన్నారు, అంతే. ఒక చేత్తో నేనే గాలి వేసుకుంటూ, నా ఊపిరి అయిపోయేదాకా ఆ ఒక్క స్వరంలో ఉన్నాను.

నేను సంగీత విద్వాంసుణ్ణి కాలేదు. మా తరగతి నలభై మందిలో, నాకు తెలిసినంతవరకు, ఎవరూ కాలేదు. ఒకరు డాక్టరు, ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులు, చాలామంది నాలాగా ఎవరివో లెక్కలు రాసే ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. మరి ఆ పీరియడు ఎందుకన్న ప్రశ్న నన్ను సూటిగా వచ్చి తాకింది చాలా ఏళ్ళ తరువాత, మా అమ్మాయి చదువుతున్న బడిలో, తల్లిదండ్రుల సమావేశంలో. పై తరగతులకు సంగీతం తీసేసి ఆ సమయాన్ని లెక్కలకు ఇవ్వాలన్నది ప్రతిపాదన. సంగీతం తరఫున మాట్లాడటానికి లేచినవాణ్ణి నేనొక్కణ్ణే.

లేచి ఏం మాట్లాడాను? సంగీతం నేర్చుకుంటే మెదడు చురుకవుతుందని, లెక్కల్లో మార్కులు పెరుగుతాయని, మొజార్ట్ సంగీతం విన్నవాళ్ళ తెలివితేటలు పెరిగాయని శాస్త్రవేత్తలు తేల్చారని, ఎక్కడో చదివిన ముక్కలన్నీ ఏకరువు పెట్టాను. అందరూ తలలూపారు. అప్పుడు లెక్కల మాస్టారు, పెద్దమనిషి, ఎంతో మర్యాదగా, "మీరు చెప్పింది నిజమేనండి. కాని లెక్కల మార్కులే కావాలంటే ఆ పీరియడు నేరుగా లెక్కలకే ఇస్తే ఇంకా ఎక్కువ పెరుగుతాయి కదా" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన మాట తర్కంలో దోషం లేనిది. నేను వాదించడానికి ఎంచుకున్న కొలబద్దే ఆయనది, దానితో కొలిస్తే ఆయనే గెలుస్తారు.

ఇంటికి వచ్చి, సిగ్గుతోనే, నేను ఉదహరించిన ఆ మొజార్ట్ పరిశోధన ఏమిటో వెతికి చదివాను. అది 1993లో నేచర్ పత్రికలో వచ్చిన చిన్న వ్యాసం. పాల్గొన్నవాళ్ళు బడిపిల్లలు కారు, 36 మంది కాలేజీ విద్యార్థులు. వాళ్ళు సంగీతం నేర్చుకోనూ లేదు, రెండు పియానోల సొనాటా ఒకటి పది నిమిషాలు విన్నారు. ఆ తరువాత ఆకారాలను మనసులో మడతపెట్టి ఊహించే ప్రశ్నలలో ఎనిమిది తొమ్మిది పాయింట్లు ఎక్కువ తెచ్చుకున్నారు. ఆ ప్రభావం పది, పదిహేను నిమిషాల్లో పోయింది. ఇంతే దాని కథ. అయినా 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నరు, పుట్టిన ప్రతి శిశువుకూ శాస్త్రీయ సంగీతం రికార్డు ఒకటి ఇవ్వడానికి బడ్జెట్లో 1,05,000 డాలర్లు అడిగాడు. ఆయనను చూసి నవ్వుకునే అర్హత నాకు లేదు, సమావేశంలో నేను చేసినదీ అదే కదా.

వినడాన్ని వదిలి నేర్చుకోవడాన్ని చూసిన పరిశోధనలు కూడా ఉన్నాయి. 2004లో కెనడాలో షెల్లెన్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 144 మంది ఆరేళ్ళ పిల్లలలో కొందరికి కీబోర్డు, కొందరికి గానం, కొందరికి నాటకం నేర్పించి, కొందరికి ఏమీ నేర్పించకుండా ఏడాది తరువాత పరీక్షించాడు. సంగీతం నేర్చుకున్నవాళ్ళకు మిగతావాళ్ళకన్నా తెలివితేటల పరీక్షలో కాస్త ఎక్కువ పెరుగుదల కనిపించింది, కాస్త మాత్రమే. సాటివారితో మెలిగే తీరులో బాగుపడింది నాటకం పిల్లలు. ఇది చదివి నేను నవ్వుకున్నాను, ఎందుకంటే నా రెండో వాదం అదే కాబోయింది. ఆ తరువాత 2020లో ఇద్దరు పరిశోధకులు ఇటువంటి 54 అధ్యయనాలను, మొత్తం సుమారు 7,000 మంది పిల్లల ఫలితాలను ఒకచోట చేర్చి చూస్తే, సంగీతం బదులు మరేదైనా పని నేర్పిన పిల్లలతో సరిపోల్చిన చోటల్లా ఆ లాభం దాదాపు సున్నాకు చేరింది. లెక్కల మాస్టారికి ఈ కాగితాలు దొరకకపోవడం నా అదృష్టం.

ఈ గొడవ మనతో మొదలైనది కాదని కూడా ఆ వెతుకులాటలోనే తెలిసింది. అమెరికాలోని బోస్టన్ నగరంలో ప్రభుత్వ బడులలో గానం పెట్టాలా వద్దా అని 1837లో ఒక కమిటీ కూర్చుని, ఇది బుద్ధికి పనికివస్తుందా, నీతికి పనికివస్తుందా, శరీరానికి పనికివస్తుందా అని మూడు ప్రశ్నలు వేసుకుంది. మూడింటికీ అవునని రాసినా వెంటనే డబ్బు రాలేదు. లోయెల్ మేసన్ అనే సంగీతజ్ఞుడు ఒక బడిలో ఏడాదిపాటు జీతం లేకుండా నేర్పి చూపించాక, 1838లో గాని దానిని పాఠ్యాంశంగా ఒప్పుకోలేదు. బుద్ధి, నీతి, ఆరోగ్యం, ఈ మూడు సాక్షులనూ ఇప్పటికీ మనం అదే వరసలో పిలుస్తున్నాం. పిల్లలు పాడగలగడం దానంతటదే ఒక మంచి సంగతి అన్న నాలుగో సాక్షిని పిలవడానికి అందరికీ మొహమాటమే.

మొహమాటపడనివాడు ఒకడున్నాడు. చదవడం, రాయడం సంపాదనకూ వ్యవహారానికీ పనికివస్తాయి, సంగీతం వాటిలా పనికిరాదు, అది తీరికను మర్యాదగా గడపడానికి అని అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథం చివరి భాగంలో 2,300 ఏళ్ళ కిందటే నిర్మొహమాటంగా రాశాడు. పిల్లలు పోటీలకెక్కే నేర్పరులు కానక్కరలేదు గాని, మంచి పాటను గుర్తుపట్టాలంటే చిన్నప్పుడు స్వయంగా చేసి చూసి ఉండాలని కూడా అన్నాడు. అక్కడే గిలక్కాయ ప్రస్తావన వస్తుంది. ఆర్కిటాస్ అనేవాడు కనిపెట్టిన గిలక్కాయను పిల్లలకు ఇస్తే, ఇంట్లో సామాను పగలగొట్టకుండా దానితో ఆడుకుంటారట, పెద్దపిల్లలకు చదువే అటువంటి గిలక్కాయట. తత్వవేత్త ఇంట్లో కూడా పిల్లలు సామాను పగలగొట్టేవారన్న మాట.

మా టీచరుకు అరిస్టాటిల్ తెలుసో లేదో నేను అడగలేదు. కాని ఆమె పని అంతా ఆ "స్వయంగా చేసి చూడటం" మీదే నడిచింది. హంగరీ దేశానికి చెందిన కోదాయ్ గురించి చదివినప్పుడు నాకు ఆమే గుర్తుకు వచ్చారు. 1882లో పుట్టిన ఆ స్వరకర్త, వాద్యం ముట్టుకోకముందే పిల్లవాడు తన గొంతుతో పాడాలని, స్వంత దేశపు జానపద గీతాలతో మొదలుపెట్టాలని పట్టుబట్టాడు. ఆయన పుట్టిన కెచ్‌కెమేట్ పట్టణంలోనే 1950లో రోజూ సంగీతం చెప్పే ప్రాథమిక పాఠశాల మొదలైంది. ఇంగ్లండులో జాన్ కర్వెన్ ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క చేతిగుర్తు పెట్టి ప్రచారం చేసిన పద్ధతిని కోదాయ్ అనుచరులు తీసుకున్నారు. వాళ్ళ మొదటి స్వరం 'దో' మన షడ్జంలాగే ఎక్కడైనా నిలబడవచ్చు, పాడేవారి గొంతు ఎక్కడుంటే అక్కడ. ఇది చిన్న సాంకేతిక వివరంలా కనిపిస్తుంది గాని, బడి విషయంలో ఇందులోనే అంతా ఉంది. పిల్లవాడి గొంతు దగ్గరికి షడ్జం వస్తుంది. మిగిలిన సబ్జెక్టులలో పిల్లవాడే వెతుక్కుంటూ వెళ్ళాలి.

ఇక నా పాత గాయం. నిజంగా స్వరభేదం పట్టుకోలేని పుట్టుకలోపం ఉన్నవాళ్ళు జనాభాలో నూటికి నలుగురని పాత అంచనా, వేలమందిని పరీక్షించి 2017లో ప్రచురించిన అధ్యయనం దానిని ఒకటిన్నరకు తగ్గించింది. అంటే నలభై మంది తరగతిలో అటువంటివాడు ఒక్కడు కూడా ఉండకపోవచ్చు. కాని "నాకు సంగీతం రాదు" అనేవాళ్ళు ఏ నలభై మందిలోనైనా పదిమందికి తగ్గరు. ఆ తేడా అంతా ఎక్కడి నుంచి వచ్చింది? పెదవులు కదిపితే చాలునన్న మాటల నుంచి కొంతైనా వచ్చి ఉంటుంది. వార్షికోత్సవం కోసం తరగతిలో మంచి గొంతులు పన్నెండింటిని ఏరి, మూడు నెలలపాటు ఒకే పాట రుద్ది, మిగతా ఇరవై ఎనిమిది మందిని హోంవర్కు చేసుకోమనడాన్ని సంగీతవిద్య అనడానికి నా మనసు ఒప్పుకోదు. లెక్కల్లో వెనకబడిన పిల్లవాడిని "నువ్వు కలం కదిపితే చాలు, అంకెలు వేయకు" అని ఎవరైనా అంటారా?

సమావేశంలో నేను చెప్పవలసింది ఇదని ఇప్పుడు తోస్తోంది. నా బడి రోజులలో మిగిలినవన్నీ పక్కవాడికన్నా ముందుండటం నేర్పాయి. శుక్రవారం ఆఖరి పీరియడులో మాత్రం పక్కవాడికన్నా ఎక్కువ పాడితే పాట చెడిపోయేది. మంచి గొంతున్న వాడికి తగ్గి పాడటం, లేనివాడికి వెరవకుండా పాడటం ఒకేసారి నేర్పవలసి వచ్చేది టీచరుకు. ఒకరినొకరు ఎంచుకోని నలభై మంది, ఒకరంటే ఒకరికి పెద్దగా పడనివారితో సహా, ఒకే షడ్జంలో కలవడానికి మరొకరి గొంతు వినక తప్పేది కాదు. తప్పు పాడినప్పుడు ఎర్రసిరా పడేది కాదు, అదురు వినిపించేది, సరిచేసుకుంటే పోయేది. ఇది లెక్కల మార్కులుగా మారుతుందా అంటే, నేను జీవితమంతా లెక్కలు రాసి బతికినవాణ్ణి, మారదనే చెబుతాను. అయినా మా అమ్మాయికి అది కావాలి.

చెప్పలేదు కాబట్టి అనుకున్నదే జరిగింది, కొంత తక్కువగా. ఎనిమిదో తరగతి వరకు పీరియడు మిగిలింది, తొమ్మిది నుంచి తీసేశారు. ఆ తరువాత ఒకరోజు, అనుమతి అడిగి, మా అమ్మాయి తరగతి వెనక కూర్చుని విన్నాను. మాస్టారు మీట నొక్కితే పలికే ఎలక్ట్రానిక్ పెట్టె పెట్టుకున్నారు. దానికి అలుపు లేదు, తడబాటు లేదు, పిల్లల్లో ఎవరి చేతికీ పని లేదు. పాతది ఏమైనా ఉందా అని అడిగితే సామాన్ల గదిలో చూపించారు. తిత్తి చీలి ఉంది, చెక్క బాగానే ఉంది. బాగుచేసి తెస్తానని చెప్పి ఇంటికి తీసుకువచ్చాను.

తిత్తికి రెండుచోట్ల అతుకు వేసి, నాలుకల మీద దుమ్ము మెత్తని కుంచెతో దులిపాను. షడ్జం పలికింది. పంచమం ఎంత చేసినా పలకలేదు, ఇప్పటికీ పలకలేదు. గాలి ఎలా వేయాలో మా అమ్మాయికి చూపించి, గట్టిగా నొక్కవద్దని, తెగనివ్వవద్దని చెప్పి, ఎదురుగా కూర్చుని గొంతు సవరించుకుని పట్టుకున్నాను. రెండు మూడు క్షణాలు తను తల ఒకవైపు వంచి విన్నది.

"నాన్నా, కొంచెం కిందికి ఉంది" అన్నది, తిత్తి మీద చెయ్యి ఆపకుండానే.